మొద్దు మీద చిట్టి గిన్నెలు

మట్టెవాడలో మా పెరటి గోడ వారగా పడి ఉన్న పాత మామిడి మొద్దు మీద ఈ ముసురుకు చిన్న గిన్నెలు లేచాయి. చిటికెనవేలి గోరంత మూతి, బయట గోధుమరంగు నూగు, అడుగున నువ్వుగింజంత బూడిదరంగు బిళ్లలు. పక్కింటి అవ్వ వంగి చూసి తేల్చేసింది: “పురుగులు గుడ్లు వెట్టినయ్ బిడ్డా, సున్నం సల్లు.”

అపోహ: అవి పురుగు గుడ్లు, కాదంటే ఏదో మొక్క గింజలు.

వాస్తవం: గిన్నె, బిళ్లలు అంతా ఒకే శిలీంధ్రం. పేరు సయాథస్. బిళ్లల్లో ఉండేవి సిద్ధబీజాలు. గిన్నె లేతగా ఉన్నప్పుడు పైన పల్చటి పొర మూతలా ఉంటుంది. అది చిరిగాక వాన చినుకు సూటిగా లోపల పడితే బిళ్ల ఎగిరి మీటరు దూరం దాకా పోగలదు. బిళ్ల వెంట సన్నటి దారం, దాని కొసన జిగురు. గడ్డిపోచ తగిలిందా, చుట్టుకుని వేలాడుతుంది. ఈ చినుకుల కిటుకును హెరాల్డ్ బ్రోడీ 1951లో వివరించాడు. నేను సిరంజితో నీళ్లు చుక్కలు చుక్కలుగా వేశాను. మూడో చుక్కకు ఒక బిళ్ల వెళ్లి గోడకు అతుక్కుంది!

అపోహ: గిన్నెలా ఉంటే గిన్నె శిలీంధ్రమే.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఉష్ణమండల అడవుల్లో పుచ్చుకట్టె మీద పెరిగే కుకీనా అసలైన గిన్నె శిలీంధ్రం. దాని లోపల బిళ్లలుండవు, నున్నటి పొర ఉంటుంది. ఆ పొరలో కంటికి ఆనని సంచులు, మామూలుగా ఒక్కోదానిలో 8 సిద్ధబీజాలు. ఇలాంటి గిన్నెలు పక్వానికొచ్చాక వాటి మీద మెల్లగా ఊదితే సిద్ధబీజాలు పొగలా లేస్తాయి. చుట్టరికం చూస్తే మా సయాథస్ బజారులో అమ్మే బటన్ పుట్టగొడుగుకే దగ్గర, కుకీనాకు బాగా దూరం.

ఫోన్ ఫొటోతో పేరు తేలిపోతుందనుకోవద్దు. జాతి చెప్పాలంటే సిద్ధబీజాన్ని మైక్రోస్కోపు కింద కొలవాలి. ఫొటో తీసినా పైనుంచే కాక పక్కనుంచీ తీయాలి, ఏ కట్టె మీద దొరికిందో రాసుకోవాలి.

ఇక ఉరిమితే ఇవి పుడతాయన్నదీ అపోహే. శిలీంధ్రపు పోగులు కట్టె లోపల ముందు నుంచే ఉంటాయి, తేమ తగిలితే గిన్నెలు బయటికొస్తాయి.

వెండి చెంచా నల్లబడకపోతే ఏ పుట్టగొడుగునైనా తినొచ్చనడం మాత్రం ప్రాణాంతకం. అమాటాక్సిన్లు వెండిని నల్లబరచవు, ఉడికించినా పోవు. వాంతులు మొదలవడానికే 6 గంటల పైన పట్టొచ్చు.

అవ్వకు తన జామచెట్టు బెంగ. సయాథస్ తినేది చచ్చిన కట్టెనే అని చెప్పాను. ఆమె గోడకంటుకున్న బిళ్లను గోటితో గీకి, “గట్టిగనే వట్టుకున్నది” అంది.