ఊరెళ్తూ ఏ కుక్కరు తీసుకెళ్లాలి?

మౌలాలి నుంచి వ్యాను మాట్లాడుకుని శ్రీశైలం వెళ్లినప్పుడు, మావారు వద్దంటున్నా వినకుండా 1500 వాట్ల కెటిల్ పట్టుకెళ్లాను. సత్రం గదిలో స్విచ్ వేశానో లేదో, టప్‌మని ఫ్యూజు పోయింది! పక్క గదుల్లోనూ చీకటే. అక్క మనవడికి పాలపొడి కలపడానికి వేడినీళ్ల కోసం అర్ధరాత్రి హోటళ్ల వెంట తిరిగాం.

తప్పు నాదేనండీ. గదుల్లో ఉండే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టులతో హెచ్చవేయండి, 1380 వాట్లు. అంతకుమించి మోయలేదు. ఇండక్షన్ స్టవ్వుకి 2000 వాట్ల దాకా కావాలి. గీజరుకి పెట్టేలాంటి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు లేనిచోట దాని జోలికి పోకండి.

కొనేముందు అడుగున రాసిన వాట్లు చూడండి. ఇప్పుడు నేను 400 వాట్ల చిన్న రైస్ కుక్కరు తీసుకెళ్తున్నాను. నిదానమే గానీ కిచిడీ, ఉప్మా, వేడినీళ్లు అన్నీ అందులోనే. గదిలో వంటకి ఒప్పుకుంటారో లేదో మాత్రం ముందే అడుగుతాను.

వ్యానులోనే వండుకుందామంటారా? అందులోని 12 వోల్టుల సాకెట్ సాధారణంగా 120 వాట్లకి మించి ఇవ్వదు, ఫోను చార్జింగుకే సరి. రైల్లో ఫోను ప్లగ్గుకి కెటిల్ పెడితే నేరం కూడాను. అందుకే రైలెక్కితే పులిహోర పొట్లాలే కడుతున్నాను.