సూర్యునిపై మోపిన నేరము

పాలమూరు, నల్లగొండ ప్రాంతములలో మృగశిర దాటియు వాన పడనప్పుడు రచ్చబండ కడ వినవచ్చు మాట యొకటి కలదు: సూర్యుడు మునుపటివాడు కాడు, ఏటేట ఉగ్రుడగుచున్నాడు అని. పంచాంగశ్రవణము చేసినవారును, పత్రికలలో సూర్యబింబపు మచ్చలనుగూర్చి చదివినవారును ఈ విషయమున ఏకాభిప్రాయులై యున్నారు. ఇది వట్టి లోకవార్తయే యైనచో మేము పట్టించుకొనకపోదుము. కాని యీ మాటనే యొకప్పుడు ప్రభుత్వోద్యోగులు శాస్త్రము పేరిట పలికిరి.

1876–78 సంవత్సరములలో మదరాసు రాజధానియు, మైసూరును, బొంబాయి దక్కను జిల్లాలును, నైజాము రాష్ట్రపు భాగములును ఘోరమైన కరవు వాతబడెను. ఏబది లక్షలకు పైగా జనులు మడిసిరి. ఆ 1877లోనే గణాంకశాఖాధిపతి విలియం విల్సన్ హంటరుగారు మదరాసు వర్షపాతపు లెక్కలను సూర్యబింబపు మచ్చల లెక్కలతో జోడించి, పదునొకండేండ్ల కొకమారు మచ్చలు సన్నగిల్లుననియు, అవి సన్నగిల్లిన యేండ్ల దక్షిణదేశమున వానయు సన్నగిల్లుననియు ప్రకటించిరి. ఖగోళజ్ఞులగు నార్మన్ లాకియరుగారు వారితో గొంతు కలిపిరి. మచ్చల ఆవృత్తి యబద్ధము గాదు. 1843లో జర్మను దేశీయుడగు ష్వాబె దానిని లోకమునకు వెల్లడించెను. ఊహించుటయు దోషము గాదు. కాని అదే కాలమున మన రేవులనుండి ధాన్యము ఓడల కెక్కుచునే యుండెను. కరవుపనిలో రాళ్లు మోయు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయును చాలునని సర్ రిచర్డు టెంపులుగారు నిర్ణయించిరి. ఆకాశమున నేరస్థుడు దొరికినచో భూమిమీద వెదకు శ్రమ తప్పును గదా!

ఒక మేలు మాత్రము కలిగెను. సూర్యుని నిత్యము పరిశీలింపవలెనని కరవు విచారణ సంఘము సలహా యిచ్చినందున, 1899లో కొడైకెనాలు వేధశాల వెలసినది. పిమ్మట వాతావరణశాఖ నేలిన గిల్బర్టు వాకరుగారు గణితము చేతబట్టి హంటరుగారి వాదమును తూచి చూచిరి. మచ్చలకును వానకును గల సంబంధము నమ్ముకొనదగినంతటిది కాదని 1915 నాటికి తేలిపోయినది. వాకరుగారి దృష్టి పసిఫిక్ మహాసముద్రముమీదికి మరలెను. ఆ సముద్రజలము వేడెక్కు స్థితిని నేడు ఎల్ నినో యనుచున్నారు. 1877లో అది మిక్కిలి తీవ్రముగా నుండెనని యిప్పుడెరుగుదుము.

సూర్యుని వెలుగు నిజముగా మారునా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము 1980 ఫిబ్రవరిలో మొదలైనది. ఆ నెల 16వ తేదీ అపరాహ్ణమున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పాలమూరు, నల్లగొండల మీదుగా సాగిపోయెను. జనులు తలుపులు బిగించుకొని లోపల నుండగా, నల్లగొండ పొలిమేరకు చేరువనున్న జపాల్–రంగాపురము వేధశాలలో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు కొండమీద, శాస్త్రజ్ఞులు చీకటిపడిన సూర్యుని కొలుచుచుండిరి. సరిగా దానికి రెండు దినములు ముందు, 14వ తేదీన, అమెరికావారు సూర్యునికొరకే ఒక ఉపగ్రహమును ఎగురవేసిరి. పెద్ద మచ్చల గుంపు బింబముమీదుగా పోవునప్పుడు సూర్యకాంతి వేయింటికి ఒకటి రెండు పాళ్లు తగ్గుట దానియందలి యంత్రము పట్టుకొన్నది. వింత యేమనగా, మచ్చలు హెచ్చిన సంవత్సరములలో మొత్తముమీద సూర్యుడు కొంచెము ఎక్కువగానే వెలుగును. మచ్చల చుట్టుపట్లనుండు కాంతిపుంజములు ఆ లోటును పూడ్చి మించును.

ఆ మించు ఎంత? భూమిని చేరు సూర్యశక్తి చదరపు మీటరునకు సుమారు 1361 వాట్లు; పదునొకండేండ్ల చక్రములో మార్పు వేయింటి కొక పాలు. భూగోళమంతటను పరచి చూచిన వాటు ఒకటిలో అయిదవ వంతు. మనుష్యులు బొగ్గును చమురును కాల్చి వాతావరణమున నింపిన బొగ్గుపులుసు గాలివలన కలుగు భారము రెండు వాట్లకు పైగా నున్నది. 1978 నుండి ఉపగ్రహములు కొలుచుచున్నను సూర్యుడు క్రమముగా తీవ్రుడైన జాడ లేదు. పైగా సూర్యుడే హేతువైనచో పైపొరలును క్రింది పొరలును కూడ వేడెక్కవలెను. నేల కడ వేడి పెరుగుచుండగా, పదునైదు ఇరువది మైళ్లకు పైన గాలి చల్లబడుచున్నది.

అట్లని సూర్యుని మార్పు నిష్ఫలమని మేమనము. వెలుగంతటిలో స్వల్పమైన మార్పే యైనను, అతినీలలోహిత కిరణములలో అది నూటికి కొన్ని వంతులు. అందుచే ఓజోను పొర కొలది యెక్కువ తక్కువ లగును. ఇంకను పైన, వందల మైళ్ల యెత్తున, పలుచని గాలి వేడెక్కి ఉబ్బును. దాని ప్రతాపమును తెలంగాణపు పల్లెలు బాగుగా నెరుగును. 1979లో స్కైలాబు పడునని హడలి, చావు తప్పదని మేకలను కోళ్లను కోసుకొని తినిన ముచ్చట నేటికిని పెద్దలు చెప్పుదురు. అనుకొన్నదానికంటె సూర్యుడు చురుకై గాలి ఉబ్బినందుననే ఆ యాకాశనౌక వేగము మందగించి, ఆ జూలై 11న హిందూమహాసముద్రమునను పశ్చిమాస్ట్రేలియాలోను కూలెను. సూర్యుని కొలిచిన ఆ 1980 నాటి ఉపగ్రహమునకును అదే గతి పట్టి, 1989 డిసెంబరు 2న దగ్ధమైపోయినది.

కావున మేకలపై నేరము సూర్యునిదే. జొన్నచేనుపై నేరము మాత్రము అతనిది గాదు. 2015లో మహబూబునగరు కరవు జిల్లాగా ప్రకటింపబడిన యేడు ఎల్ నినో ప్రబలముగా నుండెను. పసిఫిక్ సముద్రమును మనము చల్లార్చలేము. కాని దాని వార్త కొన్ని నెలలు ముందుగా తెలియుచున్నది. ఆ వార్త రోహిణికి ముందే ప్రతి గ్రామపంచాయతి గోడమీద తెలుగున నుండవలెను. ఏ చెరువున పూడిక తీయలేదో, ఏ తూము చెడియున్నదో ఆ ప్రక్కనే వ్రాయవలెను. మండలమున కురిసిన వాన లెక్కయు అచ్చటనే యుండిన, కరవు మండలముల పట్టిక హైదరాబాదున తయారగునప్పుడు తమ పేరేల లేదని రైతులు సాక్ష్యముతో అడుగగలరు.