బుడమేరు మునక, టైలరింగ్ షాపు, నష్టం లెక్క

2024 సెప్టెంబరు 1న బుడమేరు బెజవాడని ముంచింది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు ఇది. వెలగలేరు దగ్గర దీన్ని కృష్ణలోకి మళ్ళించే కాలవ ఉంది. ఆ కాలవ కట్టకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. కృష్ణ కూడా పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్ళలో నానాయి. (వాంబే అంటే వాల్మీకి అంబేద్కర్ ఆవాస యోజన. పొట్టి పేరులో అంబేద్కర్‌ని వెతుక్కోవాలి.) పల్లంలో ఎవరుంటారో, ఎందుకుంటారో ఈ పత్రిక పాఠకులకి మేము వేరే చెప్పక్కర్లేదు.

వరద రాజకీయాలన్నీ ఇక్కడ చర్చించబోవడం లేదు. ఒక్క ప్రశ్నే తీసుకుంటున్నాం. ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టే దళిత స్త్రీ తన షాపుని మళ్ళీ నిలబెట్టుకోవాలంటే ఏమేం కావాలి? ప్రభుత్వం రాసే లెక్కలోకి అందులో ఎంత వస్తుంది?

ముందు మిషను సంగతి. మునిగిన మిషను పోయినట్టేనని పాత ఇనుముకింద తూకానికి అమ్మేస్తుంటారు. తొందరపడకూడదు. నల్ల మిషను తల పోత ఇనుము, చాలావరకు బతుకుతుంది. బురద ఉండగా చక్రం తిప్పొద్దు, ఇసక లోపలి భాగాల్ని గీరేస్తుంది. మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, కిరసనాయిలుతో (ఇప్పుడది దొరకడమే కష్టం) తుప్పు వదిలించి, ఆ తర్వాతే మిషను నూనె వెయ్యాలి. సూది, బెల్టు తప్పకుండా మార్చాలి. షటిలు, బాబిన్ కేసు తుప్పు తినేస్తే అవీ మార్చాలి. మోటారుంటే మెకానిక్కు చూసేదాకా కరెంటు పెట్టకూడదు. మోటారు కాలిపోవడం అటుంచి మనిషికే ప్రమాదం. పలక మాత్రం దక్కదు, ఉబ్బి పొరలు లేచిపోతుంది. ఓవర్‌లాక్, పీకో మిషన్లకి రిపేరు ఖర్చు ఎక్కువ. దారం రీళ్ళు, లైనింగు గుడ్డ, ఫాల్సు, కాన్వాసు - ఒక్కొక్కటీ చిన్న సరుకే, అన్నీ కలిపి మళ్ళీ కొనాలంటే చిన్న పెట్టుబడి కాదు.

ఇంతవరకూ కంటికి కనిపించే నష్టం. ఎవరైనా వచ్చి రాసుకుంటే రాసుకోవచ్చు. అసలు బరువు గుడ్డల మూటది. టైలరింగ్ షాపులో ఉండే గుడ్డల్లో ఎక్కువ టైలరువి కావు, జనానివి. అప్పటికి శ్రావణమాసం చివరికొచ్చింది. దసరా అక్టోబరు 12న. కుట్టినవీ, కత్తిరించినవీ, ఇంకా ముట్టుకోనివీ అన్నీ షాపులోనే ఉండే రోజులవి. పట్టుచీర అంచులోంచి కోసిచ్చిన జాకెట్టు ముక్క రంగు దిగిపోతే, బురద మరక పడితే అలాంటిది బజార్లో దొరకదు. "నా చీర సంగతేంటి?" అని అడిగితే ఏం చెప్తాం? కిరాణా కొట్టువాళ్ళకి తమ సరుకు పోతుంది. టైలరుకి తన సరుకూ పోతుంది, పైగా తనది కాని గుడ్డకి జవాబుదారీ మీద పడుతుంది. వరదకి నేనేం చేశానని ఎదురు చెప్పొచ్చు. చెప్తే ఆ ఇంటినుంచి మళ్ళీ బేరం రాదు. అందుకే సొంత డబ్బులు కట్టో, రెండు జాకెట్లు ఊరికే కుట్టిపెట్టో సర్దుకుంటారు. ఈ ఊరికే చేసిన పని ఏ అంచనాలోనూ రాదు.

ఆది జాకెట్లూ పోతాయి, కొలతల పుస్తకమూ పోతుంది. ఇక్కడ కులం గురించి మాట్లాడక తప్పదు. కొలత తియ్యడమంటే ఒంటిమీద టేపు పెట్టడం. ఆది ఇచ్చి పంపడం అన్ని కులాల్లోనూ ఉన్నదే, సౌకర్యం కూడా. కానీ "కొలతలెందుకులే, ఆది తీసుకెళ్ళు" అనే మాట వెనక ఒక్కోసారి ఒంటిని తాకనివ్వని బుద్ధి కూడా ఉంటుందని అనుభవించినవాళ్ళకి తెలుసు. తన చేత కొలతలు తీయించుకునే దాకా ఒక ఇంటిని తెచ్చుకోవడానికి దళిత టైలరుకి ఏళ్ళు పట్టొచ్చు. ఆ పుస్తకంలో ఉన్నది ఆ ఏళ్ళ కష్టం. దానికి వెల కట్టే అధికారి ఎవరు?

కుట్టు దళితులకి వారసత్వంగా వచ్చిన పని కాదు. అది మేర కులస్తుల వృత్తి. మన ఆడవాళ్ళకి మిషను కుట్టు మిషనరీల కుట్టు క్లాసుల్లోంచి, డ్వాక్రా శిక్షణల్లోంచి, ఎస్సీ కార్పొరేషన్ స్కీముల్లోంచి వచ్చింది. పొలం కూలీనుంచి, పాచిపనినుంచి బయటపడి నీడపట్టున కూచుని సంపాదించుకునే దారి అది. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పనిముట్లకి 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. దళితుల్ని రావద్దనే నిబంధన అందులో లేదు, నిజమే. కానీ ఆ పథకం మాట్లాడే భాష గురుశిష్య పరంపరది, కుటుంబ వృత్తిది. చర్చి వరండాలో నేర్చుకున్న కుట్టుకి ఏ పరంపర చూపిస్తాం? పైగా నష్టపోయిన మనిషికి అప్పు ఇవ్వడం పరిహారం ఎలా అవుతుంది?

2024 సెప్టెంబరు 17న రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన సాయంలో మునిగిన కింద అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులకి 10,000, చిన్న దుకాణాలకి 25,000. ఇల్లు ఒక గడి, దుకాణం ఇంకో గడి. మరి ముందుగదిలో మిషను, వెనకగదిలో పొయ్యి ఉన్నచోట? ఒకే తలుపు, ఒకే డోర్ నంబరు. బోర్డు ఉండదు, లైసెన్సు ఉండదు. ఇల్లు అని రాస్తే షాపు మాయమైపోతుంది. ఆడమనిషి ఇంట్లో చేసే పనిని "ఖాళీగా ఉన్నప్పుడు కుట్టుకుంటుంది" అని తీసిపారేసే అలవాటు కూడా దీనికి తోడు.

కాబట్టి పేటల్లో పనిచేసే మిత్రులు కడుగుడు మొదలెట్టకముందే కొన్ని పనులు చేయించాలి. నీటి గీత కనిపించేలా గోడతో సహా మిషనుని ఫోటో తియ్యాలి. మిషను నంబరు రాసిపెట్టాలి. పాడైన గుడ్డలు ఎవరివో, ఎన్నో, ఇంటి పేర్లతో జాబితా రాసి ఆ ఇళ్ళవాళ్ళ చేతనే సంతకాలు పెట్టించాలి. ఆ జాబితా షాపు ఉందనడానికి సాక్ష్యం, గొడవలు రాకుండానూ పనికొస్తుంది. పనిపోయిన రోజులు విడిగా లెక్కేయాలి. సర్వే వాళ్ళొచ్చినప్పుడు ఇల్లూ షాపూ రెండూ రాయమని అడగాలి. రాయకపోతే రాయలేదని అర్జీలో పెట్టి రసీదు తీసుకోవాలి. దసరా బేరం పోయినా మన పేటల్లో క్రిస్మస్ బేరం డిసెంబరులో వస్తుంది. పలక, బెల్టు, దారం అప్పటిలోగా చేతికందేటట్టు సాయం రావాలి.