గొలుసు చెరువులు తెగకుండా

కర్ణాటకలోని నంది కొండల చుట్టూ పడే వాన వేరు వేరు దారుల్లో వెళ్లినా చివరికి చేరేది బంగాళాఖాతానికే. ఉత్తర పినాకిని, అంటే పెన్న, ఈ కొండల్లో పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు మళ్లి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. బాగేపల్లి పక్కనుంచి పోయే చిత్రావతి పుట్టపర్తి, ధర్మవరం దిక్కుగా సాగి ఆ పెన్నలోనే పడుతుంది. చింతామణికి ఉత్తరాన ఉన్న నేల నీళ్లను పాపఘ్ని తీసుకుపోయి కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నకు అప్పగిస్తుంది. చింతామణి తాలూకాలోని తలగవార ప్రాంతంలో మొదలయ్యే పాలారు మాత్రం బేతమంగళం, కుప్పం దారిన తమిళనాడుకు పోతుంది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలకు సముద్రపు ఒడ్డు లేదు. కానీ సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ల వరదలో వీటి వాటా ఉంది. ఆ వాటాను తగ్గించే పని ఇక్కడి చెరువుల దగ్గరే చేయాలి.

2021 నవంబరు ఈ సంగతిని స్పష్టంగా చూపించింది. ఆ నెల 19న చిత్రావతి వరదలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళం హెలికాప్టరుతో బయటికి తీసింది. కమలాపురం దగ్గర పాపఘ్ని మీది వంతెన కూలింది. పెన్న మీది సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వదలాల్సి వచ్చింది. నెల్లూరు పక్కన కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకుపోయింది. పాలారు కూడా ఆ నెలలోనే పొంగింది. ఈ నీళ్లన్నీ నంది కొండలవి కావు. చెయ్యేరు వంటి ఉపనదులు దిగువన పెద్ద పోటునే తెచ్చాయి, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 19వ తేదీనే తెగింది. అయినా ఎగువన నీరు ఎంతసేపు నిలబడి, ఎంత నిదానంగా దిగితే దిగువన నది అంత తక్కువ ఎత్తుకు లేస్తుంది. వరద నివారణ అనే మాటకు ఇంజనీర్ల లెక్కలో ఉన్న అర్థం చాలావరకు ఇదే.

ఈ సీమలో ఏడాది పొడవునా పారే నది లేదు. సంవత్సరానికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం ఆగస్టు నుంచి నవంబరు లోపల కొద్ది రోజుల్లోనే కురుస్తుంది. ఆ కొద్ది రోజుల నీటిని పట్టుకోవడానికి తరతరాలుగా ఇక్కడివాళ్లు వాగు వెంట చెరువు కింద చెరువు కట్టుకుంటూ వచ్చారు. పై చెరువు మరవ (నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) పారితే ఆ నీరు కింది చెరువులో పడుతుంది. అది నిండితే ఇంకో చెరువుకు పోతుంది. 19వ శతాబ్దంలో మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా ఉన్న రిచర్డ్ శాంకీ, కొత్త చెరువుకు చోటు దొరకడమే కష్టమన్నంతగా ఈ నాడంతా చెరువులతో నిండి ఉందని రాశాడు. అంత దగ్గర దగ్గరగా కట్టిన చెరువుల్లో ఏ ఒక్కటీ ఒంటరిది కాదు. చెరువులు బాగుచేసే ప్రాజెక్టు నడిపేవాళ్లు మొదట గుర్తుంచుకోవలసింది ఇదే, తరచుగా మరిచిపోయేదీ ఇదే. టెండరు ఒక్కో చెరువుకు విడిగా పిలుస్తారు, నిధులు ఒక్కో పంచాయతీకి విడిగా వస్తాయి. వాగు మాత్రం పంచాయతీ హద్దులను చూసి పారదు.

గొలుసులో ఒక చెరువు తెగితే ఏమవుతుందో 1903 నవంబరులో పాలారు చూపించింది. అప్పటి మైసూరు రాజ్యంలోని బేతమంగళం చెరువు భారీ వానలకు తెగింది. ఆ నీరు దిగువన తమిళ నేల మీది వాణియంబాడి పట్టణాన్ని ముంచి ఎందరో ప్రాణాలు తీసింది. వాన ఒక్కటే అయితే అంత నష్టం ఉండదు. రోజుల తరబడి నిలవాల్సిన నీరు గంటల్లో ఒక్కసారిగా వచ్చిపడటమే దానికి కారణం. బాగోగులు చూసేవాళ్లున్న చెరువు దిగువ ఊళ్లకు కాపు. చూసేవాళ్లు లేని చెరువు లేకపోవడమే మేలు.

కట్ట తెగడానికి కారణాలు చాలావరకు తెలిసినవే. మట్టికట్ట మీద సర్కారు తుమ్మ పెరిగి, వేరు ఎండి కుళ్లితే ఆ సందు వెంట నీరు ఊరుతుంది. ఎలుకలు, పీతలు తవ్విన బొరియలు, తూము రాతిగూడు పక్కన వదులైన మట్టి కూడా అదే పని చేస్తాయి. ఊరే నీరు తేటగా వస్తే కాస్త వ్యవధి ఉన్నట్టు. మట్టి కలిసి ఎర్రగా వస్తే కట్ట లోపల కరిగిపోతోందని అర్థం, ఇక గంటల్లో లెక్క. రెండో కారణం కట్ట మీదుగా నీరు పొర్లడం. మట్టికట్ట పొర్లడాన్ని తట్టుకోలేదు. అందుకే చెరువుకు ప్రాణం కట్టలో కంటే మరవలో ఎక్కువగా ఉంటుంది.

మరవ లెక్క ఎంత సున్నితమైనదో ఒక చిన్న గణితం చెబుతుంది. పది చదరపు కిలోమీటర్ల నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల ఘనమీటర్ల నీరు. అందులో సగం నేలలో ఇంకినా, మిగిలిన 5 లక్షల ఘనమీటర్లు ఆరు గంటల్లో చెరువుకు వచ్చాయనుకుంటే, సెకనుకు సగటున 23 ఘనమీటర్లు, అంటే సుమారు 800 క్యూసెక్కులు. నిండిన చెరువు నుంచి ఈ నీరు 60 సెంటీమీటర్ల మందంతో పొర్లిపోవాలంటే దాదాపు 30 మీటర్ల పొడవున్న మరవ కావాలి. ఇప్పుడు ఆయకట్టు రైతులు ఇంకొంచెం నీరు నిలుస్తుందని ఆ మరవ మీద 30 సెంటీమీటర్ల ఎత్తున ఇసుక మూటలు వేశారనుకుందాం. నీటి మట్టం మునుపటి ఎత్తులోనే ఉంటే పారే మందం సగమవుతుంది. కానీ పారే నీరు సగం కాదు, మూడో వంతుకు పడిపోతుంది. మిగిలిన నీరు చెరువులోనే పైకి లేస్తుంది, కట్ట అంచును అందుకుంటుంది. చేపలు పోకుండా మరవకు అడ్డం కట్టే వలలు, వాటికి పట్టుకునే చెత్త చేసే పని కూడా ఇదే. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కరువు చూసిన రైతు నీరు వదులుకోలేడు. కాబట్టి మరవ ఎత్తును రాతి మీద గుర్తు కొట్టి, ఊరందరికీ తెలిసేలా ఖాయం చేయడం ప్రాజెక్టులో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని.

పని వరుస విషయంలో చాలామంది పొరబడతారు. పై చెరువు మరవను వెడల్పు చేసి, దాని కింద ఆక్రమణలతో ఇరుకైన వాగును అలాగే వదిలితే నీరు ఊరి మీద పడుతుంది. కింది చెరువును మాత్రమే బాగుచేసి, పైన బలహీనమైన కట్టను వదిలితే ఆ కట్ట తెగిన రోజు బాగుచేసినదీ పోతుంది. అందువల్ల మరవ వాగులను, చెరువులను కలిపే రాజకాలువలను కింది నుంచి పైకి శుభ్రం చేసుకుంటూ రావాలి. కట్టలను పై నుంచి కిందికి బలపరచుకుంటూ పోవాలి. ఈ రెండూ ఒకే ఎండాకాలంలో పూర్తికావు కాబట్టి మొదటి ఏడు దారి, తర్వాతి ఏడు కట్ట. కొలతలు డిసెంబరు, జనవరి నెలల్లో, నీటి మట్టం గుర్తులు ఇంకా కనిపిస్తున్నప్పుడే తీయాలి. మట్టి పని ఫిబ్రవరి నుంచి మే చివరి లోపల ముగించాలి. జూన్‌లో సగం పోసిన కట్ట అసలు పోయని కట్ట కంటే ప్రమాదం. అది కుదురుకోక ముందే వాన పడుతుంది.

పూడిక తీత గురించి కొంచెం నిదానంగా ఆలోచించాలి. అన్ని పథకాల్లోనూ జనం ఎక్కువగా కోరేది, ఫొటోల్లో బాగా కనిపించేది ఇదే. తాగునీటికి, భూగర్భ జలాలకు దాని విలువ చాలా పెద్దది. బోరుబావులు వెయ్యి అడుగులు దాటిపోయి, ఫ్లోరైడు నీళ్లు తాగాల్సివచ్చిన నేల ఇది. వరద విషయంలో మాత్రం పూడిక తీతకు ఒక హద్దు ఉంది. చెరువు లోతు పెరిగితే మొదటి వానలను ఎక్కువ పట్టుకుంటుంది. నిండిన తర్వాత మాత్రం ఎంత లోతున్నా పోటుకు అడ్డం రాదు, అప్పుడు మరవే దిక్కు. ట్రాక్టర్లకు దగ్గరవుతుందని కట్ట పాదం పక్కనే తవ్వడం మరో ప్రమాదం. నీరు ఊరే దారి పొట్టిదవుతుంది. తీసిన ఒండ్రు మట్టి రైతు పొలానికి పోవాలి, కట్ట వెనకాల కుప్పలుగా ఉండకూడదు.

ఈ మధ్య కాలంలో వచ్చిన ఇంకో మార్పు లెక్కలన్నిటినీ తిరగరాయాల్సిన అవసరం తెచ్చింది. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి చెరువులు నింపే కోరమంగల–చల్లఘట్ట వ్యాలీ పథకం 2018లో కోలారు జిల్లా చెరువులకు నీరు తేవడం మొదలుపెట్టి చింతామణి తాలూకా దాకా వచ్చింది. ఆ తర్వాత హెబ్బాళ–నాగవార వ్యాలీ నీరు కందవార వంటి చిక్కబళ్లాపురం చెరువులకు చేరింది. నీటి శుద్ధి ఏ మేరకు జరగాలన్న వాదన ఇంకా సాగుతోంది, అది న్యాయమైన వాదన. వరద కోణం మీద అంత చర్చ లేదు. ఒకప్పుడు ఆగస్టు నాటికి ఈ చెరువులు ఎండి ఉండేవి, ఆ ఖాళీయే పోటును మింగేది. ఇప్పుడు వానకు ముందే నిండి ఉండే చెరువు ఒక్క పెద్ద వానకే మరవ పారుతుంది. కాబట్టి ఆగస్టు చివరి నుంచి పంపుల నీటిని తగ్గించి, గొలుసులో పై చెరువులను కొంత ఖాళీగా ఉంచే నియమం అవసరం. అది పంపుల దగ్గర తీసుకునే నిర్ణయమే తప్ప కొత్త కట్టడం ఏదీ అక్కర్లేదు.

కట్ట కంటే పైన, కొండ వాలు మీద పని వేరు. అక్కడ మట్టి కోత ఆగకపోతే తీసిన పూడిక మళ్లీ వస్తుంది. 2001లో మొదలైన సుజల జలవిభాజక పథకం అప్పటి కోలారు జిల్లాలో గట్లు, రాళ్ల అడ్డుకట్టలు, చెట్ల పెంపకం చేపట్టింది. నీలగిరి తోటలను కొత్తగా వేయకుండా కర్ణాటక ప్రభుత్వం 2017లో నిషేధించింది. ఇక్కడ ఒక నిజం కూడా చెప్పాలి. ఈ పనులు తీరంలో వరద పోటును తగ్గిస్తాయి కానీ సముద్రపు కోతను ఆపవు. చెరువుల్లో, తర్వాత చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, గండికోట, సోమశిలల్లో ఆగిపోయిన ఇసుక నెల్లూరు ఒడ్డుకు చేరదు. తీరపు కోత ప్రణాళిక వేసేవాళ్లు నది ఇసుక లెక్కను విడిగా చూసుకోవాల్సిందే.

చెరువు ఎవరిదన్న ప్రశ్న దగ్గర చాలా ప్రాజెక్టులు తడబడతాయి. కర్ణాటకలో 40 హెక్టార్లకు మించిన ఆయకట్టు ఉన్న చెరువులు చిన్న నీటిపారుదల శాఖవి, అంతకు లోపలివి పంచాయతీ రాజ్ సంస్థల చేతిలో ఉంటాయి. ఒకే గొలుసులో రెండు రకాలూ ఉంటాయి. రాజకాలువ హద్దులు రెవెన్యూ శాఖ దగ్గర, చెట్లు అటవీ శాఖ దగ్గర. 2002 నుంచి 2012 వరకు ప్రపంచ బ్యాంకు సాయంతో జల సంవర్ధన యోజన సంఘం నడిపిన పథకం చెరువు వాడకందారుల సంఘాలను ఏర్పరచి, గ్రామస్తులు తమ వంతు పెట్టుబడి పెట్టి నిర్వహణ చూసుకోవాలని ఆశించింది. ఆలోచన సరైనదే. పథకం ముగిశాక సంఘానికి రాబడి, అధికారం ఏవన్నది తేలని చోట అది కాగితం మీదే మిగులుతుంది. పాత రోజుల్లో నీరుగంటి ఉండేవాడు. తూము తెరిచేది, వానరాత్రి కట్ట మీద నడిచేది, మరవకు అడ్డం పడిన కొమ్మ తీసేది అతనే. ఆ పనికి పంటలో వాటా ఉండేది. ఈ రోజు అలాంటి మనిషికి నెల జీతం ఇవ్వడం ఏ పథకం ఖర్చులోనైనా చాలా చిన్న మొత్తం.

మరో చిక్కు సరిహద్దు. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం పెన్న, చిత్రావతి, పాపఘ్ని, పాలారుల మీద మైసూరు కొత్త సాగునీటి జలాశయం కట్టాలంటే దిగువ ప్రభుత్వం సమ్మతి తీసుకోవాలి. బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు ఆనకట్ట కట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన అభ్యంతరాల వెనక ఈ పాత తగవే ఉంది. సరిహద్దు చిక్కు కొత్తదీ కాదు. కడప సీమలోని పోరుమామిళ్లలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం వాటిలో ఒకటైతే, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం మరొకటి. కరువు రోజుల్లో నీటి పంపకం మీద రెండు రాష్ట్రాలూ వాదించుకోవచ్చు. వరద రోజుల్లో మాత్రం బాగేపల్లిలో ఎంత వాన పడింది, ఏ చెరువు మరవ పారుతోంది అన్న సమాచారం ఆ గంటలోనే పుట్టపర్తికి, కమలాపురానికి చేరాలి. చిత్రావతిలో నీరు బాగేపల్లి దాటిన తర్వాత దిగువ ఊళ్లకు మిగిలేది కొద్ది గంటల వ్యవధి మాత్రమే.

గ్రామసభల్లో పంచాయతీలు ఈ పనులను తమ పనుల జాబితాలో చేర్చుకోవడానికి వీలుంది. మరవ గుర్తు, కట్ట మీది తుమ్మల నరికివేత, రాజకాలువ హద్దు రాళ్లు ఆ జాబితాలో ముందు వరుసలో ఉండాలి. తమ ఊరి చెరువు మరవ ఎక్కడుందో, దాని కింది వాగు ఎవరి పొలంలో పోతుందో తెలియని సభ్యులు ఆ సభకు ముందు ఒకసారి కట్ట మీద నడిచి చూడాలి.