ఐదో నంబరు ఆట

స్క్వాష్ అంటే మా చేబ్రోలులో ఎండాకాలం ఫ్రిజ్‌లో ఉండే ఆరెంజ్ సీసా. అదే పేరుతో ఒక ఆట ఉందని, దానికి నాలుగు గోడల గది కావాలని నాకు తెలిసింది ఇంగ్లాండ్‌లో ఉద్యోగానికి వచ్చాకే. ఇప్పుడు వారానికో రాత్రి ఇక్కడి క్లబ్ జట్టుకి ఆడుతున్నా. కౌంటీ లీగ్‌లో కింది నుంచి రెండో డివిజన్. జట్టులో నాది ఐదో నంబరు. అంటే చివరివాణ్ని.

ముందు ఆట సంగతి చెప్తా. గది పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4. నెట్ ఉండదు. ఇద్దరూ పక్కపక్కనే తిరుగుతూ ఒకే గోడకి కొట్టాలి. ఆ గోడ అడుగున 48 సెంటీమీటర్ల ఎత్తున రేకు ఉంటుంది. బంతి దానికి తగిలి 'ఠంగ్' మందా, పాయింటు పోయినట్టే. నేల మీద రెండోసారి పడేలోపు ఎదుటివాడు తిరిగి కొట్టాలి. 11 పాయింట్లకి ఒక గేమ్, ఐదింట్లో మూడు గెలిస్తే మ్యాచ్. బంతిదే విచిత్రం. 24 గ్రాముల నల్ల రబ్బరు, మీద రెండు పసుపు చుక్కలు. చల్లగా ఉంటే ఉసిరికాయలా పడి ఉంటుంది, లేవదు. కాసేపు గోడకేసి బాదితే వేడెక్కి అప్పుడు ఎగురుతుంది. జనవరి చలిలో ఆ వేడి ఎక్కించడమే సగం వ్యాయామం.

మా లీగ్‌లో జట్టుకి ఐదుగురు. బలాన్ని బట్టి వరస. వాళ్ల ఒకటో నంబరుతో మన ఒకటో నంబరు, ఐదుతో ఐదు. మూడు మ్యాచ్‌లు గెలిచిన జట్టుదే ఆ రాత్రి. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ చదివినవాళ్లకి ఇది 'కోరమ్' అని వెంటనే వెలుగుతుంది. మిగిలినవాళ్లు ఇంతే గుర్తుపెట్టుకోండి: ఒకటో నంబరు గెలుపు ఎంతో, ఐదో నంబరు గెలుపూ అంతే.

బాల్ బ్యాడ్మింటన్‌లోనూ జట్టుకి ఐదుగురే కదా అనొచ్చు. కానీ అక్కడ ఐదుగురూ ఒకే కోర్టులో ఉంటారు. మనం వదిలేసిన బంతిని వెనకవాడు అందుకుంటాడు, అందుకుని తిడతాడు కూడా. ఇక్కడ తలుపు మూసుకున్నాక మనవాళ్లు అద్దం అవతలే.

2023 సెప్టెంబర్ 30న హాంగ్జౌ ఆసియా క్రీడల ఫైనల్ చూసినవాళ్లకి ఆ నొప్పి తెలుసు. అక్కడ జట్టుకి ముగ్గురు. పాకిస్థాన్ మీద మహేశ్ మంగావ్‌కర్ ఓడాడు, సౌరవ్ ఘోషాల్ గెలిచాడు. భారమంతా అభయ్ సింగ్ మీద పడింది. రెండు మ్యాచ్ పాయింట్లు కాపాడుకుని, ఐదో గేమ్ 12-10తో గెలిచి స్వర్ణం తెచ్చాడు. 2028 లాస్ ఏంజెలెస్‌లో స్క్వాష్ మొదటిసారి ఒలింపిక్స్‌కి వెళ్తోంది. అప్పుడైనా మనవాళ్లు సీసా పక్కన పెట్టి చూస్తారేమో.

ఇక మా గొడవ. సీజన్‌లో ఆఖరి మ్యాచ్, వేరే ఊళ్లో. గెలిస్తే డివిజన్‌లో ఉంటాం, ఓడితే అట్టడుగుకి. మామూలుగా ఐదో నంబరు ఆట ముందే అయిపోతుంది. ఆ రోజు వాళ్ల ఐదో నంబరు ఎక్కిన బస్సు ఆలస్యమైంది. ఆయన వచ్చేసరికి మిగతా నాలుగూ అయిపోయి స్కోరు 2-2.

వచ్చినాయనకి అరవై దాటాయి. మోకాలికి పట్టీ. నాకు లోపల కాస్త ధైర్యం వచ్చిన మాట నిజం. పది నిమిషాల్లో అది దిగిపోయింది. ఆయన కోర్టు మధ్యలో నిలబడి బంతిని ఒకసారి వెనక మూలకి, ఒకసారి ముందు మూలకి పంపిస్తుంటే, పరిగెత్తే డ్యూటీ అంతా నాదే. అయినా కిందా మీదా పడి 2-2 చేశా. ఐదో గేమ్‌లో 9-9.

ఈ లీగ్‌లో మాకు అంపైర్లు రారు. ఆడి దిగినవాడే చెమట తుడుచుకుంటూ పైనుంచి స్కోరు చెబుతాడు. ఆ పాయింటులో నేను ముందు మూల వేసిన బంతిని ఆయన వంగి ఎలాగో లేపాడు, నేను రేకుకి కొట్టా. పైనున్నవాడు 10-9 అని వాళ్లకే ఇచ్చాడు. ఆయన చెయ్యెత్తాడు. "లేదు, నేను కొట్టేలోపు రెండుసార్లు పడింది." పాయింటు నాకొచ్చింది. అద్దం అవతల వాళ్ల కెప్టెన్ మొహం చూడాలి మీరు.

తర్వాత మూడు పాయింట్లూ వరసగా ఆయనే తీసుకున్నారు. 12-10. అభయ్ సింగ్ గెలిచిన స్కోరే.

మ్యాచ్ అయ్యాక వచ్చిన జట్టుకి ఆతిథ్య జట్టే తిండి పెట్టడం ఇక్కడి క్లబ్బుల మర్యాద. అన్నం, చప్పటి చికెన్ కూర. మేం డివిజన్ దిగిపోయామని తెలిసి కూడా ఆయన నా పక్కనే ప్లేటు పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ల కిందట ఆ క్లబ్‌లో ఒకటో నంబరట. వయసు పెరిగేకొద్దీ రెండు, మూడు అంటూ దిగుతూ వచ్చారు. ఏ ఏడూ జట్టు వదల్లేదు. ఆరో నంబరు ఉండదు కదా అని అడిగితే, "అందుకే ఇక్కడ గట్టిగా పట్టుకున్నా" అన్నారు.

వచ్చే సీజన్‌కి వాళ్ల రెండు కోర్టుల్లో ఒకదాన్ని జిమ్‌గా మార్చేస్తున్నారట. ఇంగ్లాండ్‌లో చాలా కోర్టులు ఇలాగే పోయాయి. ఉన్న ఒక్క కోర్టులో ఐదు మ్యాచ్‌లు ఆడాలంటే రాత్రి బాగా పొద్దుపోతుంది. ఆయన దిగులు మోకాలి గురించి కాదు, ఇంటికెళ్లే ఆఖరి బస్సు గురించి. ఆ రాత్రి మాత్రం మా కెప్టెన్ కారులో దింపాడు.