వాన పడితే చాలు.. బయటి సాకెట్ ఎందుకు పాడవుతోంది?

పెరట్లో సాకెట్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ పాడవుతోందా? చాలా ఇళ్లలో తప్పు సాకెట్‌ది కాదు. వాన పడ్డాకే ట్రిప్ అవుతుంటే పెట్టెలోకి తడి దిగుతున్నట్టే. ప్లగ్ పెట్టినా మూసుకునే మూత ఉన్న ఐపీ 65 పెట్టె వేయించాలి. వైరు కింది నుంచి లోపలికి వెళ్లాలి.

మోటారు వేయగానే సాకెట్ వేడెక్కి నల్లబడుతుంటే వైరు లూజై ఉండొచ్చు, లేదా 6 ఆంప్స్ సాకెట్‌పై లోడ్ ఎక్కువై ఉండొచ్చు. అక్కడ 16 ఆంప్స్ సాకెట్, దానికి తగ్గ మందం వైరు ఉండాలి.

30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోందని కొందరు దాన్ని తీయించి డైరెక్ట్ చేయించుకుంటారు. అది పడిపోతోందంటే కరెంటు ఎక్కడో లీకవుతోందని అర్థం. బట్టలు ఉతుకుతూ తడి చేతులతో అమ్మీ స్విచ్ వేసేది అక్కడే! ముందు మెయిన్ ఆపేయండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లీకేజీ, ఎర్తింగ్ రెండూ చెక్ చేయించండి.