మగదానికే నలుపెందుకు?

బరంపురం: గంజాం జిల్లా భేట్నయి పొలాల్లో కృష్ణజింకల మందను చూసిన కొత్తవాళ్లు రెండు జాతులేమో అనుకుంటారు. వీపు నల్లగా, కొమ్ములు మెలితిరిగి ఉన్నది మగది. లేత గోధుమరంగులో, సాధారణంగా కొమ్ముల్లేకుండా ఉండేది ఆడది. మగకూన కూడా పుట్టినప్పుడు ఆ రంగే. వయసొచ్చి మగ హార్మోను పెరిగేకొద్దీ నలుపెక్కుతుంది.

ఆడవాటి కోసం మగవి కొమ్ములతో కుమ్ముకుంటాయి. గెలిచి జాగా నిలుపుకున్నదానికే జతలెక్కువ, పిల్లలెక్కువ. అలా తరతరాలుగా ఆ హంగు మగవాటికి దక్కింది. కూనను సాకే తల్లికి మాత్రం ఎండుగడ్డిలో కలిసిపోయే రంగే మేలు.

అయితే ఆ కొమ్ములే మగదాన్ని వేటగాళ్ల కంట పడేశాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వీటి వేట నేరం. ఇక్కడ మాత్రం చట్టం కంటే ముందునుంచీ ఊరే కాపలా. జింకలొస్తే వానలొస్తాయని నమ్మకం. పంట మేసినా చంపరు.